సముద్రపు నీటిలో లోహాలు కొలవాలన్నా, సెన్సర్ కట్టాలన్నా ముందు ఇంటిదొంగను పట్టాలి

ఒక లెక్కతో మొదలుపెడదాం. మహాసముద్రం నడిమధ్యలో, ఉపరితలం దగ్గర పట్టిన నీటిలో కరిగిన ఇనుము లీటరుకి 0.1 నానోమోల్ (నానోమోల్ అంటే మోల్‌లో వందకోట్లో వంతు) ఉందనుకోండి. చాలాచోట్ల అంతే ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. పావు లీటరు బాటిల్ నింపితే అందులో ఉన్న ఇనుమంతా కలిపి 1.4 నానోగ్రాములు. ఇప్పుడు ఓడ రెయిలింగ్ మీంచి లేచిన తుప్పు నలుసు ఒకటి, అడ్డంగా 10 మైక్రాన్లుండేది, కంటికి ఆననిది, మూత తీసిన ఆ రెండు సెకన్లలో బాటిల్లో పడిందనుకోండి. దాని బరువు దాదాపు 2.7 నానోగ్రాములు, అందులో ఇనుము 1.9 నానోగ్రాములు. అంటే ఆ బాటిల్లో సముద్రపు ఇనుము కంటే ఓడ ఇనుమే ఎక్కువ. మెషిన్ పాపం రెండింటినీ కలిపి చక్కగా కొలిచి, నాలుగు దశాంశాలతో అంకె ఇస్తుంది. ఆ అంకె చూసి మీరు మురిసిపోతారు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ పనిలో పట్టి తీరాలి. మీ బాటిలూ, యాసిడూ, ఫిల్టరూ, చేతులూ కలిసి శాంపిల్‌కి ఎంత లోహం కలుపుతున్నాయో చెప్పే అంకెనే బ్లాంక్ అంటాం. శాంపిల్ పట్టడం నుంచి నీళ్ళలో వదిలే సెన్సర్ డిజైన్ దాకా ప్రతి నిర్ణయం ఈ బ్లాంక్ చుట్టూనే తిరుగుతుంది.

ఇదేదో చాదస్తం అనుకోవద్దు. 1970ల మధ్య దాకా ప్రచురించిన సముద్ర లోహాల విలువల్లో చాలావరకు అసలు విలువకి పదుల రెట్లు, కొన్ని వందల రెట్లు ఎక్కువ. 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చిన క్లెయిర్ ప్యాటర్సనే సీసం విషయంలో ఈ సంగతి బయటపెట్టాడు. రాళ్ళలో సీసం కొలవబోతే గది గాల్లోంచీ, గాజు సామాన్లలోంచీ, మనుషుల మీంచీ సీసం వచ్చి పడుతోందని గమనించి, శుభ్రమైన ల్యాబ్ కట్టుకుని మరీ కొలిచాడు. ఇనుము విషయంలో ఆ పని అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ చేశాడు. మురికి లేకుండా కొలవడం చేతనైంది కాబట్టే, ఈశాన్య పసిఫిక్‌లో పోషకాలు నిండుగా ఉన్నా మొక్క ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు) పెరగకపోవడానికి ఇనుము కొరతే కారణమని 1988లో చెప్పగలిగాడు.

అడుగు 1: ఏ లోహం, ఏ నీరు, ఏ రూపం

"ట్రేస్ మెటల్స్ కొలుస్తాను" (అతి తక్కువ మోతాదులో ఉండే లోహాలు) అని మొదలుపెడితే పని సాగదు. లోహాన్నీ నీటినీ ముందే తేల్చుకోండి, ఎందుకంటే అంకెలు ఒక్కో లోహానికీ ఒక్కోలా ఉంటాయి. బహిరంగ సముద్రంలో కరిగిన జింక్ ఉపరితలంలో 0.05 నానోమోలార్ (లీటరుకి నానోమోల్) దగ్గర మొదలై లోతు పసిఫిక్‌లో 9 దాకా వెళ్తుంది. రాగి 0.5 నుంచి 5. కాడ్మియం ఉపరితలంలో నానోమోలార్‌లో వెయ్యో వంతు దాకా పడిపోయి, లోతులో 1 దాటుతుంది. సీసం, కోబాల్ట్ అయితే పికోమోలార్ (నానోమోలార్‌లో వెయ్యో వంతు) లెక్కలే. అదే నదీముఖంలోనో, అడుగున బురదలోని నీటిలోనో, సముద్రగర్భపు వేడినీటి బుగ్గల దగ్గరో అయితే ఇనుము, మాంగనీస్ మైక్రోమోలార్లలో, అంటే వేల రెట్లు ఎక్కువగా ఉంటాయి. ఈ తేడాని బట్టే సెన్సర్ పెట్టొచ్చా, బాటిల్ మోయాల్సిందేనా అన్నది తేలుతుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

లోతుతో పాటు ఎలా మారుతుందో కూడా ముందే చదువుకుని వెళ్ళండి. జింక్, కాడ్మియం పోషకాల్లా ప్రవర్తిస్తాయి: పైన ప్లవకాలు తినేస్తాయి, కింద అవి కుళ్ళినప్పుడు మళ్ళీ నీటిలోకి వస్తాయి. అల్యూమినియం, సీసం, మాంగనీస్ రేణువులకి అంటుకుని పోతుంటాయి, అందుకే మూలం దగ్గర ఎక్కువ, దూరం వెళ్ళేకొద్దీ తక్కువ. ఇనుము, రాగి రెండు బుద్ధులూ ఉన్నవి. మాలిబ్డినం ఏ గొడవా లేకుండా ఉప్పుతో పాటే నడుస్తుంది, బహిరంగ సముద్రంలో ఎక్కడ చూసినా 107 నానోమోలార్ దరిదాపుల్లోనే.

రూపం సంగతి చాలామంది ఆలస్యంగా గుర్తిస్తారు. కరిగిన ఇనుములో 99 శాతం పైగా సేంద్రియ అణువులు పట్టుకుని ఉంటాయి, విడిగా తిరిగే అయాన్ చాలా చాలా తక్కువ. రెండో ఆక్సీకరణ స్థితి ఇనుము వెచ్చని ఉపరితల నీటిలో నిమిషాల్లోనే మూడో స్థితికి మారిపోతుంది. కాబట్టి "ఇనుము ఎంత" అని ఎవరైనా అడిగితే, మొత్తమా, కరిగిందా, ప్రయోగంలో స్పందించేదా అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే. వేరే వేరే రూపాలు కొలిచే ఇద్దరు ఒకే గ్రాఫ్‌లో చుక్కలు పెట్టి కొట్టుకోవడం నేను చూశాను.

అడుగు 2: బాటిళ్ళు కడగడం (అవును, నెలలు పడుతుంది)

గాజు వద్దు. తక్కువ సాంద్రత పాలిథిలీన్ బాటిళ్ళు వాడండి. కొత్తవి కదా అని నమ్మొద్దు, అచ్చులోంచి వచ్చిన లోహం గోడల్లో ఉంటుంది. మామూలుగా పాటించే వరస ఇది: ల్యాబ్ డిటర్జెంట్‌లో వారం నానబెట్టి, శుద్ధమైన నీటితో డిటర్జెంట్ ఆనవాలు లేకుండా కడగాలి. తర్వాత గాఢమైన హైడ్రోక్లోరిక్ యాసిడ్ నింపి, బయటి వైపు కూడా మునిగేలా యాసిడ్ తొట్టిలో నెల ఉంచాలి. మళ్ళీ కడిగి, శుద్ధమైన నైట్రిక్ యాసిడ్ పలచగా కలిపి నింపి ఇంకో నెల. చివర్లో అతిశుద్ధ నీటితో కడిగి, ఒక్కో బాటిల్‌నీ రెండు జిప్ సంచుల్లో, సంచిలో సంచిగా పెట్టాలి. తొట్టెల దగ్గర పొగ పీల్చే ఫ్యూమ్ హుడ్, కళ్ళద్దాలు, మందపాటి గ్లోవ్స్ ఉండాలి, యాసిడ్‌ని నీటిలో పోయాలే గానీ నీటిని యాసిడ్‌లో పోయకూడదు. ఇది మీకు తెలుసని నాకూ తెలుసు, అయినా చెప్తున్నాను.

మూతలని మర్చిపోతారు. మూత లోపల రబ్బరు వాషర్ ఉంటే ఆ బాటిల్ పక్కన పడేయండి. రబ్బరు గట్టిపడటానికి జింక్ ఆక్సైడ్ కలుపుతారు, అది మెల్లగా వస్తూనే ఉంటుంది. పౌడర్ ఉన్న గ్లోవ్స్, రంగు వేసిన పిపెట్ టిప్స్ కూడా అంతే. నాకు తగిలిన దెబ్బ చెప్తాను: ఒక ట్రిప్పులో జింక్ ప్రొఫైల్ (లోతుతో పాటు జింక్ ఎలా మారిందో చూపే గీత) 300 మీటర్ల దగ్గర అందంగా పైకి లేచి, మళ్ళీ నున్నగా కిందికి దిగింది. మూడు వారాలు దాని మీద సిద్ధాంతాలు అల్లాను. చివరికి తేలిందేంటంటే, ఆ లోతులో పెట్టిన మూడు శాంప్లర్లకే (లోతు నీళ్ళు పట్టే బాటిళ్ళు) నల్ల ఓ-రింగులు, అంటే రబ్బరు వాషర్లు, కొత్తవి వేశారు, మిగతావాటికి పాతవే. సముద్రం అందంగా ఉందనుకున్నది ఓ-రింగు అందం.

అడుగు 3: నీళ్ళు పట్టడం

ఓడ అంటే తేలే ఇనుప ముద్ద. దానికి రంగు పూస్తారు, పొగగొట్టం ఉంటుంది, తుప్పు పట్టకుండా అడుగున జింక్ దిమ్మలు కడతారు. తుప్పు నుంచి కాపాడేందుకు పెట్టిన ఆ దిమ్మలే కంచే చేను మేసినట్టు మీ జింక్ శాంపిల్‌ని పాడుచేస్తాయి. శాంప్లర్ ఫ్రేముకి కూడా ఇలాంటి దిమ్మ బిగించి ఉండొచ్చు, దించేముందు చూసి తీసేయండి, ఫ్రేము టైటానియం అయితే దాని అవసరమే ఉండదు.

లోతు నీటికి గో-ఫ్లో, నిస్కిన్-ఎక్స్ లాంటి బాటిళ్ళు వాడతారు. లోపల రబ్బరు పట్టీ, స్ప్రింగ్ లేకుండా మూసుకునే యంత్రాంగమంతా బయటే ఉండటం వాటి గొప్ప. గో-ఫ్లో మూసి ఉన్న స్థితిలోనే ఉపరితలం దాటి, పది మీటర్ల దగ్గర తెరుచుకుంటుంది, అందుకే పైన తేలే నూనె పొర, మురికి లోపలికి పోవు. ఉక్కు తీగ బదులు కెవ్లార్ తాడుకో, ప్లాస్టిక్ తొడుగున్న కేబుల్‌కో కట్టాలి. బాటిళ్ళు పైకి వచ్చాక రెండు చివర్లకీ ప్లాస్టిక్ కవర్లు తొడిగి, ఫిల్టర్ చేసిన గాలి నిండిన శుభ్రమైన గదిలోకి తీసుకెళ్ళి అక్కడే నీరు తీయాలి. డెక్ మీద మూత తెరవడం అంటే కథ మొదటికి రావడమే.

ఉపరితల నీరు కావాలంటే, ఓడ కదులుతుండగా పక్కకి కొన్ని మీటర్ల దూరంలో చేపలాంటి బరువుని ఈడుస్తూ, దాని ముక్కు దగ్గరున్న టెఫ్లాన్ గొట్టంతో నీరు తోడటం మంచి పద్ధతి. చిన్న పడవైతే ఇంజిన్ ఆపి, గాలికి ఎదురుగా ముందు భాగంలో కూర్చుని, పొడవాటి ప్లాస్టిక్ కర్ర చివర బాటిల్ పెట్టి, చేయి ఎంత చాచగలిగితే అంత చాచి ముంచండి. గాలి వెనక నుంచి వస్తుంటే మీరే, మీ పడవే శాంపిల్‌లో చేరతారు.

ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు "శుభ్రమైన చేతులు", ఇంకొకరు "మురికి చేతులు". అమెరికా పర్యావరణ సంస్థ పద్ధతుల్లో 1669 నంబరు దాంట్లో ఉన్నది ఇదే. మురికి చేతుల మనిషి బయటి సంచి తెరుస్తాడు, పెట్టె మూత తీస్తాడు, తాడు పట్టుకుంటాడు. శుభ్రమైన చేతుల మనిషి లోపలి సంచి, బాటిల్ తప్ప ఇంకేదీ ముట్టుకోడు: ముక్కు గోక్కోడు, ఫోన్ తీయడు, పెన్ను పట్టుకోడు. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఒక రోజు ఒంటరిగా చేసి, మరుసటి రోజు ఇద్దరితో చేసి బ్లాంకులు పోల్చి చూడండి.

అడుగు 4: ఫిల్టర్, యాసిడ్, బ్లాంక్ బాటిళ్ళు

0.2 మైక్రాన్ ఫిల్టర్ దాటిందే "కరిగినది". ఇది ప్రకృతి గీసిన గీత కాదు, మనం గీసుకున్నది. అందులో కొల్లాయిడ్లు, అంటే అతి సన్నని రేణువులు, కూడా ఉంటాయి. ఫిల్టర్‌ని ముందు పలచటి యాసిడ్‌తో, తర్వాత శాంపిల్ నీటితోనే బాగా కడిగి, బాటిల్‌ని మూడుసార్లు తొలిచి నింపండి. లీటరుకి 2 మిల్లీలీటర్ల లెక్కన అతిశుద్ధ గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపితే పీహెచ్ 1.7 దగ్గరికి దిగుతుంది. గోడలకంటుకున్న లోహం తిరిగి నీటిలోకి రావడానికి, సేంద్రియ బంధాలు విడివడటానికి కొన్ని నెలలు అలా వదిలేయడం మంచిది. లోహం ఏ రూపంలో ఉందో తెలుసుకోవాలంటే మాత్రం యాసిడ్ వేయకూడదు, వెంటనే మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించాలి.

ప్రతి పది శాంపిళ్ళకీ కనీసం ఒక ఖాళీ ప్రయాణం చేయించండి: అతిశుద్ధ నీటిని అదే శాంప్లర్‌లో, అదే ఫిల్టర్‌లో, అదే యాసిడ్‌తో, అదే చేతులతో. టైమ్ లేదని దీన్ని ఎగ్గొడితే తర్వాత మీ డేటాని మీరే నమ్మలేరు.

అడుగు 5: ల్యాబ్‌లో కొలవడం

సముద్రపు నీటిలో కిలోకి 35 గ్రాముల ఉప్పు. ఇనుము 5 నానోగ్రాములు. మామూలు ఐసీపీ-ఎంఎస్‌లోకి (ద్రవ్యరాశిని బట్టి లోహాలని వేరుచేసి లెక్కపెట్టే మెషిన్) ఈ నీటిని నేరుగా పంపితే లోపలికి దారిచ్చే సన్నటి రంధ్రాల కోన్లు ఉప్పుతో మూసుకుపోతాయి, పైగా ఆర్గాన్, ఆక్సిజన్ కలిసిన 40 ప్లస్ 16 ద్రవ్యరాశి సరిగ్గా ఇనుము 56 మీద వచ్చి కూర్చుంటుంది. కాడ్మియం 111 మీద మాలిబ్డినం ఆక్సైడ్ అదే పని చేస్తుంది. సముద్రపు నీటిలో మాలిబ్డినం దండిగా ఉందని పైన చెప్పాను కదా, కాడ్మియం వాళ్ళకి అదే తలనొప్పి.

అందుకే ముందు గాఢత పెంచాలి. నోబియాస్ పీఏ-1 లాంటి, లోహాన్ని గోళ్ళతో పట్టుకునే కీలేటింగ్ రెజిన్ కాలమ్ తీసుకోండి. శాంపిల్ పీహెచ్‌ని అమ్మోనియం అసిటేట్ బఫర్‌తో 6 దగ్గరికి తెచ్చి కాలమ్ గుండా పంపితే రాగి, జింక్, నికెల్, ఇనుము, సీసం, కాడ్మియం చిక్కుతాయి, సోడియం జారిపోతుంది, కాల్షియం, మెగ్నీషియం చాలావరకు పోతాయి. మిగిలిన ఉప్పుని కొంచెం బఫర్‌తో కడిగేసి, 1 మోలార్ నైట్రిక్ యాసిడ్‌తో లోహాలని దింపుకోండి. 12 మిల్లీలీటర్ల శాంపిల్ పంపి 0.6 మిల్లీలీటర్లలో దింపితే 20 రెట్ల గాఢత. రాగి, కోబాల్ట్ కావాలంటే ముందు యూవీ దీపం కింద పెట్టి సేంద్రియ పట్టు విడిపించాలి, లేదంటే అవి కాలమ్‌ని పలకరించకుండానే వెళ్ళిపోతాయి.

ఇనుము, జింక్, రాగి, కాడ్మియం, సీసాలకి ఐసోటోప్ డైల్యూషన్ వాడగలిగితే వాడండి. ఉదాహరణకి ఇనుము 57 ని తెలిసినంత ముందే కలిపి, నిష్పత్తి కొలుస్తారు. కాలమ్ మీద కొంత పోయినా నిష్పత్తి చెక్కుచెదరదు, అదీ దీని సొగసు. మాంగనీస్, కోబాల్ట్, అల్యూమినియంలకి ప్రకృతిలో స్థిరమైన ఐసోటోప్ ఒక్కటే ఉంది కాబట్టి ఈ ఉపాయం పారదు, స్టాండర్డ్ అడిషన్ చేయాలి, అంటే తెలిసినంత లోహాన్ని శాంపిల్‌కే కలుపుతూ కొలవాలి.

అంత పెద్ద మెషిన్ అందుబాటులో లేకపోతే? ఓడ మీద ఫ్లో ఇంజెక్షన్ (సన్నటి గొట్టంలో పారే నీటికి రసాయనం కలిపి కొలవడం) చక్కగా పనిచేస్తుంది: ఇనుముకి లుమినాల్ వెలుగు, అల్యూమినియంకి లుమోగాలియన్ ఫ్లోరెసెన్స్. జింక్, కాడ్మియం, సీసం, రాగికి పాదరసపు పొర మీద స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ ఉంది. ఎలక్ట్రోడ్ మీద లోహాన్ని కొన్ని నిమిషాలు పోగేసి, తర్వాత వోల్టేజి పెంచుతూ ఒక్కసారిగా వదిలిస్తారు, శిఖరం ఎక్కడొచ్చిందో లోహం పేరు చెప్తుంది, ఎంత ఎత్తుందో మోతాదు చెప్తుంది. రూపాల గురించి చెప్పగల పద్ధతి కూడా ఇదే, కాబట్టి ల్యాబ్ చిన్నదైతే నేను దీంతోనే మొదలుపెట్టమంటాను.

అడుగు 6: మీ అంకె నిజమా

గుర్తింపు పరిమితి అంటే బ్లాంకుల సగటు కాదు, బ్లాంకుల చెదురుకి (స్టాండర్డ్ డీవియేషన్) మూడు రెట్లు. బ్లాంక్ 0.05 ఉన్నా ఎప్పుడూ 0.05 గానే ఉంటే తీసేసుకోవచ్చు. ఒకరోజు 0.02, ఒకరోజు 0.09 అయితే మీ దగ్గర ఇంకా దొంగ ఉన్నట్టే.

తర్వాత రిఫరెన్స్ నీరు కొలవండి. 2004లో ఉత్తర పసిఫిక్‌లో పట్టిన సేఫ్ (SAFe) అనే శాంపిళ్ళకి ఎన్నో ల్యాబులు కలిసి ఒప్పుకున్న ఇనుము విలువలున్నాయి: ఉపరితలానిది కిలోకి 0.09 నానోమోల్, 1000 మీటర్లది 0.93. కెనడా జాతీయ పరిశోధన మండలి అమ్మే నాస్, కాస్ శ్రేణి నీళ్ళు కూడా వాడొచ్చు. జియోట్రేసెస్ అనే అంతర్జాతీయ కార్యక్రమం, దీని ప్రధాన యాత్రలు 2010లో మొదలయ్యాయి, నడిచేదే ఈ పద్ధతి మీద: వేర్వేరు దేశాల ఓడలు ఒకే చోట ఆగి కొలవాలి, అంకెలు కలవాలి. వాళ్ళ పద్ధతుల పుస్తకం ఉచితంగా దొరుకుతుంది, దించుకోండి.

అన్నిటికంటే కఠినమైన పరీక్షకి ఖర్చేమీ లేదు. కాడ్మియంని ఫాస్ఫేట్‌తో, జింక్‌ని సిలికేట్‌తో గీసి చూడండి. దాదాపు గీత మీద కూర్చోవాలి. ఒక చుక్క ఒంటరిగా పైకి ఎగిరితే, కొత్త ఆవిష్కరణ అనుకునే ముందు ఆ బాటిల్ నంబరు మిగతా లోహాల్లో కూడా ఎగిరిందా చూడండి. నూటికి తొంభై సార్లు ఎగిరే ఉంటుంది.

యూనిట్ల దగ్గర చిన్న మాట: లీటరుకి రాసిందీ కిలోకి రాసిందీ ఒకటి కావు, సముద్రపు నీటి సాంద్రత వల్ల రెండున్నర శాతం తేడా ఉంటుంది.

అడుగు 7: సెన్సర్ కట్టే ముందు కాగితం మీద చంపి చూడండి

ఇప్పుడు అసలు మోజు దగ్గరికి. సముద్రంలో తేలుతూ 2000 మీటర్ల దాకా దిగి వచ్చే బయోజియోకెమికల్ ఆర్గో ఫ్లోట్ల మీద ఆక్సిజన్, నైట్రేట్, పీహెచ్, క్లోరోఫిల్, తేలే రేణువులు, వెలుతురు కొలిచే సెన్సర్లున్నాయి. లోహాలకి మాత్రం చోటు లేదు. ఎందుకో తెలియాలంటే ఈ లెక్క చేయండి.

ఫెర్రోజీన్ అనే రంగు రీజెంట్ రెండో స్థితి ఇనుముతో కలిసి ఊదా రంగు ఇస్తుంది, 562 నానోమీటర్ల దగ్గర కాంతిని పీలుస్తుంది, మోలార్ శోషణ గుణకం (ఎంత గాఢతకి, ఎంత దారికి ఎంత కాంతి పీలుస్తుందో చెప్పే అంకె) 27,900 దగ్గర. కాంతి దారి 10 సెంటీమీటర్లు, ఇనుము 1 నానోమోలార్ అయితే శోషణ 0.00028. మీ ఎల్ఈడీ, ఫోటోడయోడ్ కలిసి ఊగే ఊగు 0.0003 అనుకుందాం, చేత్తో కట్టినదానికి అది మంచి అంకే. దానికి మూడు రెట్లు 0.0009, అంటే మీ గుర్తింపు పరిమితి 3.2 నానోమోలార్. బహిరంగ సముద్రంలో ఉన్నది 0.1. ముప్పై రెట్లకి పైగా తక్కువ! కాంతి దారిని టెఫ్లాన్ ఏఎఫ్ గొట్టంతో మీటరు చేస్తే 0.3 కి దిగుతారు, ఇంకా చాలదు, పైగా ఆ సన్నగొట్టంలో ఒక్క బుడగ చిక్కితే రోజంతా పోయింది. అప్పటికీ రీజెంట్‌లోని ఇనుమే శాంపిల్‌లోని ఇనుముని మించి ఉండొచ్చు.

అదే అడుగు బురద నీటిలో 10 మైక్రోమోలార్ ఇనుముంటే 1 సెంటీమీటర్ దారిలోనే శోషణ 0.28 వస్తుంది. హాయిగా కొలవొచ్చు. కాబట్టి మొదటి సెన్సర్‌ని నదీముఖానికో, ఆక్సిజన్ లేని నీటికో, వేడినీటి బుగ్గకో కట్టండి. నడిసముద్రానికి వద్దు. బ్రిటన్ నేషనల్ ఓషనోగ్రఫీ సెంటర్ వాళ్ళు ప్లాస్టిక్ పలకలో సన్నటి కాలువలు చెక్కి చేసిన ల్యాబ్-ఆన్-చిప్ ఇనుము, మాంగనీస్ ఎనలైజర్లు కూడా ఇలాంటి, లోహం ఎక్కువగా ఉండే నీళ్ళకి తగినవే.

అడుగు 8: ఏ సూత్రం

రంగు పద్ధతి కాక ఇంకో రెండు దార్లున్నాయి. వోల్టామెట్రీ సెన్సర్‌కి పెద్దగా రీజెంట్లు అక్కర్లేదు. జెనీవా విశ్వవిద్యాలయంలో కట్టిన పరికరంలో సూక్ష్మ ఎలక్ట్రోడ్ల మీద అగరోజ్ జెల్ పొర వేశారు, చిన్న అయాన్లు దాటతాయి, కొల్లాయిడ్లు, జిగురు పదార్థాలు ఆగిపోతాయి. రాగి, సీసం, కాడ్మియంల కదిలే భాగాన్ని నేరుగా కొలవడానికి ఇదే బాగుంటుంది. పాదరసం వాడాలి కాబట్టి అనుమతులు, పారవేయడం ముందే చూసుకోండి.

రెండోది డీజీటీ (డిఫ్యూసివ్ గ్రేడియెంట్స్ ఇన్ థిన్ ఫిల్మ్స్), 1994లో డేవిసన్, జాంగ్ ప్రచురించింది. నిజానికిది సెన్సర్ కాదు, కరెంటు అక్కర్లేని బిళ్ళ: జెల్ పొర వెనక రెజిన్. కొన్ని రోజులు నీళ్ళలో వదిలేసి, రెజిన్ మీద చేరిన లోహాన్ని ల్యాబ్‌లో కొలుస్తారు. చేరిన మోతాదుని జెల్ మందంతో గుణించి, వ్యాపన గుణకం (జెల్‌లో లోహం ఎంత వేగంగా పాకుతుందో చెప్పే అంకె), సమయం, వైశాల్యం మూడింటితో భాగిస్తే సగటు గాఢత వస్తుంది. ఏ క్షణంలో ఎంతన్నది చెప్పదు. కానీ మీకు నెలవారీ సగటు చాలు అనిపిస్తే, ఇంత డిజైన్ గొడవ పెట్టుకోకుండా డీజీటీ వేసి రండి. నేను ఇది చెప్తే సెన్సర్ కట్టాలని ఉత్సాహపడేవాళ్ళకి నచ్చదు.

అడుగు 9: కాలువలు, పంపులు, బుడగలు

రంగు పద్ధతి సెన్సర్ ఒక్కో కొలతలో చేసేది ఇది: కొత్త నీటితో దారంతా కడుగుతుంది, రీజెంట్ లేకుండా కాంతి చూస్తుంది, రీజెంట్ కలుపుతుంది, ప్రవాహం ఆపుతుంది, రంగు రావడానికి ఆగుతుంది, మళ్ళీ కాంతి చూస్తుంది. 562తో పాటు ఇనుము పీల్చని 700 దగ్గర ఇంకో ఎల్ఈడీ పెట్టండి. నీటిలో ఉప్పు మారితే వక్రీభవనం మారి కాంతి చెదురుతుంది, రెండో రంగుతో దాన్ని తీసేయొచ్చు. స్టాండర్డులని (లోహం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు) కూడా శుద్ధ నీటిలో కాక, లోహం తీసేసిన సముద్రపు నీటిలో చేయడానికి కారణం ఇదే.

పంపుల్లో సిరంజి రకం నెమ్మది గానీ మోతాదు తప్పదు. పెరిస్టాల్టిక్ పంపులో రోలర్లు నొక్కే గొట్టం వారాల్లో అరుగుతుంది, చలికి గట్టిపడుతుంది. రీజెంట్లని సీసాల్లో కాదు, ముడుచుకునే సంచుల్లో పెట్టండి, అప్పుడు లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడి ఒకటే. ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణం పెరుగుతుందని గుర్తుంచుకుంటే, 4000 మీటర్ల దగ్గర 400. మోటార్లని, బోర్డులని నూనె నింపిన పెట్టెలో పెట్టి, నూనెకి కూడా మెత్తటి గోడ ఇస్తే మందపాటి టైటానియం గొట్టం అక్కర్లేదు. కానీ నూనెలో ఒత్తిడి నేరుగా భాగాల మీద పడుతుంది: ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, లోపల గాలి ఉన్న క్రిస్టల్ డబ్బాలు నలిగిపోతాయి. వాటిని ముందే మార్చేయండి.

బుడగల గురించి ఎంత చెప్పినా తక్కువే. రీజెంట్లలోని గాలిని వాక్యూమ్‌తో తీసేసి సంచుల్లోకి ఎక్కించండి, కాంతి గదిలోకి నీరు కిందనుంచి వచ్చి పైనుంచి పోయేలా నిలువుగా పెట్టండి, మూలల్లో ఆగే జాగా ఉండకూడదు, చివర్లో కొంచెం ఎదురొత్తిడి ఇవ్వండి. కోడ్‌లో కూడా ఒక కాపలా పెట్టండి: రెండు రంగులూ ఒకేసారి కిందికి పడితే అది ఇనుము కాదు, బుడగ.

చలి సంగతి. 25 డిగ్రీల్లో నిమిషంలో వచ్చే రంగు 2 డిగ్రీల్లో చాలాసేపు తీసుకుంటుంది. ఆగే సమయాన్ని అతి చల్లని నీటికి సరిపడా పెట్టి, థర్మిస్టర్‌ని (ఉష్ణోగ్రత కొలిచేది) కాంతి గది పక్కనే అతికించండి. మూడో స్థితి ఇనుముని రెండో స్థితికి మార్చడానికి ఆస్కార్బిక్ యాసిడ్ వాడుతుంటే దాన్ని ఫెర్రోజీన్‌తో కలిపి ఉంచొద్దు, వేరే సంచిలో చీకట్లో పెట్టండి, అది తొందరగా పాడవుతుంది.

అడుగు 10: కరెంటు, రీజెంట్ లెక్క

90 రోజులు, రోజుకి 4 కొలతలు అంటే 360 అనుకుంటారు. ఒక్కో కొలతకీ ఒక బ్లాంక్, ఒక స్టాండర్డ్ కూడా నడిపితే 1080 పరుగులు. ఒక్కో పరుగుకి 1 వాట్ చొప్పున 10 నిమిషాలు పడితే మొత్తం 180 వాట్-గంటలు. డీ-సైజు లిథియం సెల్ ఒకటి 60 వాట్-గంటల పైచిలుకు ఇస్తుంది, చలిలో తగ్గుతుంది, కాబట్టి మూడు కాదు, ఐదు పెట్టండి. పరుగుకి అర మిల్లీలీటరు రీజెంట్ అంటే 540 మిల్లీలీటర్లు, వాడేసిన ద్రవం మళ్ళీ సముద్రంలో వదలకుండా పట్టుకోవడానికి ఇంకో పెద్ద సంచి. ఈ అంకె చూశాక జనం మొదట కోసేది బ్లాంకులనే. కోయొద్దు, కొలతలని రోజుకి మూడు చేయండి.

అడుగు 11: నాచు

వెచ్చని తీరంలో రెండు వారాల్లో సెన్సర్‌లోకి నీరు పోయే నోటి దగ్గర పాకుడు పడుతుంది. మామూలు సెన్సర్లకి రాగి పట్టీ చుడతారు, నాచు రాదు. మీరు రాగి కొలుస్తుంటే ఆ పట్టీ ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. యూవీ దీపం పెడదామా అంటే ఆ వెలుగు ఇనుము రూపాన్ని మార్చేస్తుంది, సేంద్రియ బంధాలని తెంపుతుంది. మిగిలింది నోటికి మార్చగలిగే ఫిల్టర్, నల్లటి గొట్టాలు, కొలతల మధ్య దారంతా పలచటి యాసిడ్‌తో నింపి వదలడం. అన్నింటికంటే మంచిది తక్కువ రోజులు దించడం.

అడుగు 12: నీళ్ళలో దించడం, తీయడం

వరస తప్పొద్దు. టేబుల్ మీద వారం, తర్వాత చల్లటి నీటి తొట్టిలో ఉష్ణోగ్రత పైకీ కిందికీ తిప్పుతూ, తర్వాత ప్రెషర్ ట్యాంకులో, తర్వాత జెట్టీ దగ్గర తాడుకి కట్టి. జెట్టీ దగ్గరున్నప్పుడు రోజుకోసారి పక్కనే చేత్తో శాంపిల్ పట్టి, పై అడుగుల ప్రకారం ల్యాబ్‌లో కొలిచి పోల్చండి. సెన్సర్ అంకె ల్యాబ్ అంకెతో కలవకపోతే వెంటనే సెన్సర్‌ని తిట్టకండి, ఫిల్టర్ రంధ్రం రెండింట్లో ఒకటేనా, రెండూ ఒకే రూపాన్ని కొలుస్తున్నాయా చూడండి. ఫెర్రోజీన్‌కి దొరికేది యాసిడ్‌లో నెలలు నానిన శాంపిల్‌లో ఉన్నంత ఎప్పుడూ ఉండదు.

మూడు నెలల తర్వాత పైకి తీసినప్పుడు, పాకుడు చూసి ముందు కడిగేయాలనిపిస్తుంది. ఆగండి. ఫోటో తీయండి, కడగకుండా అలాగే బ్లాంక్ ఐదుసార్లు, స్టాండర్డ్ ఐదుసార్లు నడపండి, అంకెలు రాసుకోండి. వాటిని దించేముందు రాసుకున్న అంకెల పక్కన పెడితేనే మధ్యలో వచ్చిన 90 రోజుల డేటాలో ఎంత సముద్రం, ఎంత మీ గొట్టాలు అన్నది తెలుస్తుంది. ఆ తర్వాత కడుక్కోండి.